కమలాపండ్లతో చల్లని పొరల మిఠాయి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పండుగలకు వండు తీపివంటలను తలచుకొన్నచో మొదట గుర్తుకు వచ్చునవి గరిజెలు, అరిసెలు, మలీద ముద్దలు, సత్తుపిండి. ఇవన్నియు కొన్నాళ్లపాటైనను నిలువ యుండునట్టివి. మలీద ముద్దను మూటగట్టుకొని బతుకమ్మతో చెరువుగట్టుకు పోవచ్చును. గరిజెలను డబ్బాలో పెట్టి బొంబాయికో భివండికో పోవు కొడుకుచేతికి ఇచ్చి పంపవచ్చును. ఇప్పుడు మేము చెప్పబోవు మిఠాయి అట్టిది కాదు. గాజుగిన్నెలో అడుగున బిస్కత్తుల పొడి, నడుమ తెల్లని పెరుగు, పైన కమలారసపు పొర, ఈ మూడింటిని చల్లగా గడ్డకట్టించి చెంచాతో తీసికొని తినునది. చేసిననాడే తినవలసినది. దీనికి ఇంకను తెలుగుపేరు స్థిరపడలేదు. కొందరు పుడ్డింగు అందురు, కొందరు కస్టర్డు అందురు, పిల్లలు జెల్లీ అందురు. మేము పొరల మిఠాయి అని పిలిచెదము.

ఇది మన యిండ్లలోనికి వచ్చిన దారి విచిత్రమైనది. 1970వ దశకమునుండి ఈ మూడు పట్టణముల చుట్టుపట్ల గ్రామములనుండి యువకులు దుబాయికి, మస్కట్టుకు, కువైటుకు, సౌదీ దేశమునకు పనులకై పోవుచున్నారు. రెండేండ్లకో మూడేండ్లకో సెలవుపై వచ్చినపుడు వారితోపాటు త్రాళ్లతో బిగించికట్టిన అట్టపెట్టె యొకటి వచ్చును. అందులో సబ్బులు, అత్తరు, బాదములు, పాలపొడి డబ్బా, కస్టర్డుపొడి, టాంగ్ అను నారింజపొడి ఉండును. ఇంటివద్ద బీడీలు చుట్టుకొనుచు సంసారము నీదిన భార్యకు ఆ పొడులతో ఏమి చేయవలెనో మొదట తెలియలేదు. హైదరాబాదు పెండ్లివిందులలో ఖుబానీకా మీఠాపై మీగడ పోసి వడ్డించుట చూచినవారు కొందరు, గల్ఫు హోటళ్లలో వంటపని నేర్చి వచ్చినవారు కొందరు, ఒకరికొకరు చెప్పుకొని ఈ పొరల మిఠాయిని మన వంటింటి వస్తువుగా చేసికొనిరి.

ఆ డబ్బాల చరిత్ర కూడ వినదగినదే. కస్టర్డుపొడిని 1837లో ఇంగ్లండు దేశపు బర్మింగ్‌హామ్ నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవర్తకుడు తయారుచేసెను. అతని భార్యకు కోడిగ్రుడ్లు సరిపడవు. ఆమె కొరకు గ్రుడ్డు లేకుండ మొక్కజొన్న పిండితో పాలను చిక్కబరచు ఉపాయము కనుగొనెను. శాకాహారులు ఆ పొడిని నిస్సంకోచముగ వాడుకొనవచ్చుననుటకు కారణ మిదియే. టాంగ్ పొడి 1959లో అమెరికాలో అంగళ్లకు వచ్చినది. 1962లో జాన్ గ్లెన్ భూప్రదక్షిణము చేసినపుడు దానిని రోదసీనౌకలో కొనిపోవుటచేత లోకమున పేరుకెక్కినది. రోదసిలో చెట్టుపండ్లు దొరకవు కనుక అక్కడ అది ఉచితమే. జగిత్యాల సంతలో కమలాపండ్లు కుప్పలుపోసి అమ్ముచుండగా చక్కెర, నిమ్మఉప్పు, రంగు, వాసన కలిపిన పొడిని నీళ్లలో కలిపి పండ్లరసమని పిల్లలకు పోయుట మాత్రము మాకు నచ్చదు. దూరదేశమునుండి ఎవరో ప్రేమతో తెచ్చిన డబ్బాను పారవేయుమని మేము చెప్పుట లేదు. దానిని షర్బతుకు వాడుకొని, మిఠాయికి పండును వాడుడు.

ఇక మా అనుభవము నొకదానిని దాచకుండ చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మే నెలలో జగిత్యాలలో మా బంధువుల యింట, సెలవుపై వచ్చిన అబ్బాయి గౌరవార్థము విందు జరిగినది. పొరల మిఠాయి చేయు భారము మాపై పడినది. పుస్తకములో ఉన్నట్లే జెలటిన్ పొడి కలిపి ముందురాత్రియే చేసి ఫ్రిజ్‌లో పెట్టితిమి. ఉదయమునకు అద్దమువలె గడ్డకట్టినది. మధ్యాహ్నము దానిని మేడమీది షామియానాలోనికి ఎత్తించితిమి. వడ్డనకు అరగంట ఆలస్యమైనది. మూత తీసిచూతుము గదా, పై పొర నీరైపోయినది, నడిమి పొర అందులో కరగి కలిసినది, బిస్కత్తులు తేలుచున్నవి. పక్కన నిలిచిన పెద్దావిడ, "గరిజెలు జేస్తే పదిదినాలుంటయి బిడ్డా, గిదేందో గంట గూడ నిల్వకపాయె" అన్నది. అందరును నవ్వితిమి. అంతటితో పోయినచో బాగుండెడిది. మిగిలినదానిని పారవేయుటకు మనసు రాక, సాయంకాలము మరల ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటి ఉదయము పిల్లలకు పెట్టితిమి. ఇద్దరు పిల్లలకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. అందులో చిన్నదానికి ఆ రాత్రి యంతయు సెలైను ఎక్కించవలసివచ్చెను. ఆ పాప కోలుకొన్నది. కాని ఈ మిఠాయిని గూర్చి ఎవరు మమ్ము అడిగినను మేము రుచికన్న ముందు ఆ రాత్రిని తలచుకొని సమాధానము చెప్పుట అలవాటైనది.

ఆ దినమున జరిగిన తప్పులు రెండు. మొదటిది జెలటిన్. అది పశువుల ఎముకలనుండి, చర్మమునుండి తీయు పదార్థము. శాకాహారుల యిండ్లలో అది నిషిద్ధమని వేరుగ చెప్పనక్కరలేదు. మాంసాహారులకైనను మన వేసవికి అది పనికిరాదు. జెలటిన్‌తో గట్టిపడిన పొర 30 నుండి 35 డిగ్రీల వేడిమికే కరగును. నోటిలో పెట్టుకొనగానే కరగుట అందుచేతనే, యూరపులో దానిని మెచ్చుకొనుటయు అందుకే. మన జగిత్యాలలో మే నెల నీడలోనే వేడిమి 40 డిగ్రీలు దాటి 45 వరకు పోవును. అనగా మిఠాయి నోటిలోనికి పోకముందే బల్లమీద కరగును.

దీనికి బదులు మనకు చైనాగడ్డి కలదు. కిరాణా దుకాణములో తెల్లని పోగులుగా అమ్మునది అదియే. పేరు గడ్డియే గాని అది గడ్డి కాదు, సముద్రపు నాచునుండి తీసినది. శాస్త్రజ్ఞులు అగర్ అందురు. దీని గుణము వింతయైనది. కరగుటకు దాదాపు 85 డిగ్రీలు కావలెను. కరగిన పిమ్మట 40 డిగ్రీల దిగువకు వచ్చువరకు గడ్డకట్టదు. ఒకసారి గడ్డకట్టినచో మరల 85 డిగ్రీల వరకు కరగదు. కనుక మన యెండ దానిని ఏమియు చేయజాలదు.

ఈ సంగతిని ప్రపంచమునకు చాటినది ఒక గృహిణియే. 1881లో జర్మనీ దేశమున వాల్టర్ హెస్సె అను వైద్యుడు సూక్ష్మజీవులను జెలటిన్‌పై పెంచి పరిశోధించుచుండెను. వేసవిలో జెలటిన్ కరగిపోయి పని చెడుచుండెను. ఆయన భార్య ఫానీ హెస్సె తన యింటిలో పండ్లపాకములు అగర్‌తో చేయుచుండెను. అవి వేసవిలో ఎందుకు కరగవని భర్త అడుగగా, ఆ రహస్యము చెప్పెను. జావాద్వీపమున నివసించి వచ్చిన పొరుగువారు ఆమెకు అది నేర్పియుండిరి. హెస్సె దంపతులు రాబర్ట్ కాక్ పండితునకు తెలిపిరి. నాటినుండి నేటివరకు ప్రపంచమందలి ప్రయోగశాలలలో సూక్ష్మజీవులను పెంచునది అగర్ మీదనే. జావా ద్వీపపు రాజధానికి ఒకనాడు బటావియా అని పేరు. మన బత్తాయిపండు పేరు ఆ నగరమునుండియే వచ్చినదని చెప్పుదురు. రెండును ఒకే దిక్కునుండి వచ్చి మన గాజుగిన్నెలో కలిసికొనుట మాకు సంతోషముగ తోచును.

పండ్లను గూర్చి చెప్పెదము. ఇది మామిడి సీమ. చల్‌గల్ మార్కెటు నుండి మామిడికాయలు లారీలలో ఉత్తరదేశమునకు పోవును. నిమ్మజాతి పండ్లు మాత్రము మనకు బయటనుండి రావలెను. కమలాపండ్లు నాగపూరునుండి ఆదిలాబాదు మీదుగా వచ్చును. మన తల్లులు వానిని సంత్రాలు అందురు. నవంబరునుండి జనవరివరకు ఒక పంట, ఫిబ్రవరినుండి ఏప్రిలువరకు మరియొక పంట వచ్చును. రెండవ పంటపండ్లు తీపి ఎక్కువ. బత్తాయిలు నల్లగొండ ప్రాంతమునుండి వచ్చును. నిమ్మపండ్లు నకిరేకల్లునుండి, గూడూరునుండి వచ్చును. కనుక నడి వేసవిలో కమలాలు దొరకక బత్తాయిలతో చేయవలసివచ్చును. బత్తాయిరసము తియ్యగ నుండును గాని పులుపు తక్కువ. ఒక నిమ్మకాయ పిండినచో పొర రుచికి వచ్చును.

చేదును గూర్చి జాగ్రత్త పడవలెను. రసము తీసిన వెంటనే తియ్యగ నున్నది, రెండుగంటల తరువాత చేదైనదని చాలమంది అందురు. అది వారి భ్రమ కాదు. ఈ పండ్ల గింజలలోను, తొనల పొరలోను, తొక్కక్రింది తెల్లని దూదివంటి భాగములోను చేదులేని పదార్థమొకటి కలదు. రసములోని పులుపు తగిలినచో అది మెల్లగ లిమోనిన్ అను చేదుగా మారును. వేడిచేసినచో త్వరగ మారును. అందుచేత తొనలను మిక్సీలో వేసి గింజలతోపాటు నలుగగొట్టరాదు. పండును అడ్డముగ కోసి చేతితో పిండి, జాలిలో వడగట్టి, వెంటనే వాడవలెను. రసమును పొయ్యిమీద పెట్టకుండుటవలన మరియొక లాభము కూడ కలదు. సి విటమిను వేడికి నశించును. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు నారింజలు, నిమ్మపండ్లు పెట్టి నావికుల స్కర్వీవ్యాధిని కుదిర్చినది దానివలననే.

నడిమి పొరకు కావలసినది గట్టి పెరుగు. బఱ్ఱెపాలతో తోడుపెట్టిన ఒక లీటరు పెరుగును గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీసినచో నీరంతయు కారిపోయి దాదాపు 400 గ్రాముల ముద్ద మిగులును. మహారాష్ట్రులు దీనిని చక్కా అందురు, శ్రీఖండము చేయుదురు. షోలాపూరు, భివండి మగ్గములపై పనిచేసి వచ్చిన సిరిసిల్ల కుటుంబములకు ఇది క్రొత్తది కాదు. గుడ్డ విషయమున సిరిసిల్లవారికి మేము చెప్పుట తాతకు దగ్గులు నేర్పినట్లగును. అయినను ఒక్క మాట. మగ్గముమీదినుండి దిగిన క్రొత్త నూలుగుడ్డలో పడుగుకు పట్టించిన గంజి ఉండును. దానిని రెండుమార్లు ఉడుకునీళ్లలో ఉతికి ఎండలో ఆరవేసిన తరువాతనే పెరుగు కట్టవలెను. పాలియెస్టరు గుడ్డ పనికిరాదు, నీటిని పీల్చదు, పెరుగు జారును. పాత పంచె ముక్క అన్నిటికన్న మేలు. వేసవిలో మూటను దూలమునకు కట్టి రాత్రియంతయు ఉంచినచో పెరుగు పులిసిపోవును. జాలిలో ఉంచి క్రింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచుడు.

ఎనిమిదిమందికి సరిపడు కొలతలు చెప్పెదము. రెండు లీటర్లు పట్టు గాజుగిన్నె కావలెను. నిమ్మజాతి రసమునకు కళాయి లేని ఇత్తడి, రాగి, అల్యూమినియము పాత్రలు తగవు. పులుపు లోహమును కరగించును. గాజు, పింగాణి, స్టీలు వాడుడు.

మొదటి పొరకు 150 గ్రాముల మేరీ బిస్కత్తులను గాని, హైదరాబాదు ఉస్మానియా బిస్కత్తులను గాని పొడిచేసి, కరగిన నెయ్యి 50 గ్రాములు కలిపి, గిన్నె అడుగున పరచి గరిటెతో గట్టిగ నొత్తవలెను. ఉస్మానియా బిస్కత్తులో ఉప్పు కొంచెము తగులును, ఆ ఉప్పు నిమ్మపులుపునకు చక్కగ అమరును. ఆ బిస్కత్తు వాడినచో నెయ్యి పది గ్రాములు తగ్గించుడు. గిన్నెను అరగంట ఫ్రిజ్‌లో ఉంచినచో నెయ్యి గడ్డకట్టి పొడి కదలదు.

రెండవ పొరకు వడగట్టిన పెరుగుముద్దను నురుగువచ్చునట్లు గిలకొట్టి, తీపి చిక్కనిపాలు అనగా మిల్క్‌మెయిడ్ వంటిది సగము డబ్బా, 200 గ్రాములు కలుపవలెను. మూడు నిమ్మకాయల రసము, ఒక కాయ పైతొక్క తురుము చేర్చవలెను. తురుముచున్నపుడు పచ్చని భాగమునే తీయవలెను, తెల్లనిది తగిలినచో చేదు. నిమ్మరసము పోసి కలుపగానే ఆ మిశ్రమము పొయ్యి లేకుండనే చిక్కబడుట చూచి మీరు ఆశ్చర్యపడుదురు. పాలలో నిమ్మరసము పిండినచో విరుగవలెను గదా, ఇది ఎందుకు విరుగలేదు? పాలలోని కేసీన్ అను మాంసకృత్తు పులుపు తగిలి ఆమ్లత పి.హెచ్. 4.6 వద్దకు వచ్చినపుడు గుంపులుగా చేరును. పలుచని పాలలో ఆ గుంపులు నీటినుండి విడిపోవును, అదియే విరుగుట. చిక్కనిపాలలో నీరు తక్కువ, చక్కెర ఎక్కువ. గుంపులు విడిపోవుటకు చోటులేక అంతటను అల్లుకొని పాలనే గట్టిపరచును. ఈ పాలను డబ్బాలలో నిలువచేయు పద్ధతికి 1856లో గెయిల్ బోర్డెన్ అను అమెరికావాడు హక్కుపత్రము పొందెను. తాజాపాలు, మంచు దొరకని ఫ్లారిడా దీవులవారు ఆ డబ్బాపాలతోను, తమ చిన్న నిమ్మకాయలతోను ఒక మిఠాయి కల్పించి ప్రసిద్ధికెక్కిరి. మన నడిమి పొర దానికి చెల్లెలివరుస.

చక్కెర మాట వచ్చినది కనుక చెప్పుచున్నాము. ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడకముందు కోరుట్ల, మెట్‌పల్లి దారులలో చెరకుబండ్లు బారులు తీరుచుండెడివి. చెరకుతోట లున్న సీమలో చక్కెర కొనుక్కొనుట కష్టముగ నుండును గాని, మిఠాయికి అది తప్పదు. అయినను కొలతకు మించవలదు. మధుమేహమున్నవారికి ఈ గిన్నెలోనుండి రెండు చెంచాలే పెట్టుడు. చక్కెర తగ్గించి చేసినంతమాత్రమున చిక్కనిపాలలోని తీపి పోదు.

ఈ రెండవ పొరను మొదటిదానిపై పోసి, చదునుచేసి, మూడుగంటలు ఫ్రిజ్‌లో ఉంచవలెను. ఈలోపల ఎనిమిది గ్రాముల చైనాగడ్డి పోగులను చిన్నముక్కలుగ త్రుంచి అరగంట నీళ్లలో నానవేయుడు. పొడి దొరికినచో 4 గ్రాములు, అనగా రెండు చదును టీచెంచాలు చాలును. నానిన పోగులను పిండి, 200 మిల్లీలీటర్ల మంచినీటిలో వేసి సన్నని సెగపై మరిగించవలెను. ఒక్క పోగైనను కనబడకుండ కరగవలెను, తొందరపడినవారి పొరలో నూలుముక్కలవంటివి నోటికి తగులును. పూర్తిగ కరగినపిమ్మట 60 గ్రాముల చక్కెర వేయుడు. చక్కెర ముందే వేసినచో గడ్డి సరిగా కరగదు. రసమును ఇందులో పోసి మరిగించుట తప్పు. పులుపుతో కలిసి మరిగిన అగర్ బలము కోల్పోవును, తరువాత ఎంతసేపు చల్లార్చినను పొర నిలువదు.

పొయ్యి దించిన వెంటనే ఆ పాకమును 400 మిల్లీలీటర్ల కమలారసములో సన్నని ధారగా పోయుచు కలుపవలెను. ఆరేడు పండ్లనుండి అంతరసము వచ్చును. చాలమంది చెడగొట్టుకొనున దిచ్చటనే. ఫ్రిజ్‌లోనుండి తీసిన చల్లని రసములో వేడి పాకము పోసినచో మిశ్రమపు వేడిమి దాదాపు 36 డిగ్రీలకు పడిపోవును. మేము చెప్పినట్లు 40 దిగువన అగర్ గడ్డకట్టును గదా, కలుపుచుండగనే గరిటెకు ముద్దలు చుట్టుకొనును. రసము గది వేడిమిలో ఉండవలెను. చలికాలమున అట్టి రసముతో కలిపినచో మిశ్రమము 46 డిగ్రీల ప్రాంతమున ఉండును, వెంటనే పోయవచ్చును. వేసవిలో 55 వరకు ఉండును, ఐదారు నిముషములు ఆగవలెను. ఆగక పోసినచో నడిమి పొర కరగి తెల్లని చారలు పైకి వచ్చును. వేడిమి కొలుచు సాధనము లేనివారు గిన్నెను మణికట్టు లోపలివైపు ఆనించి చూడుడు. వెచ్చగ ఉండవలెను, చురుక్కుమనరాదు.

పోయుటకు ముందు నడిమి పొరపై ఊరిన నీటిని శుభ్రమైన గుడ్డతో అద్దితీసి, ఫోర్కుతో నాలుగు గీతలు గీయవలెను. నున్నని తడి పొరపై అగర్ అంటదు, చెంచా పెట్టగానే పై పొర పలకవలె జారిపోవును. గీతలు గీసినచో పట్టుకొనును. ఒలిచి పొరతీసిన కమలాతొనలను కొన్నిటిని పరచి, చెంచా వీపుమీదుగా మిశ్రమమును మెల్లగ పోయుడు. రెండుగంటలలో పొర నిలుచును. మరునాటికి అగర్ నీరు వదలుట మొదలుపెట్టును, చేదు కూడ తలయెత్తును. కనుక ఉదయము చేసి సాయంకాలము తినుట ఉత్తమము. బొప్పాయి, అనాసపండు ముక్కలను పైన అలంకరించువారు కలరు. అగర్‌కు వానివలన హానిలేదు. కాని పచ్చి అనాస, పచ్చి బొప్పాయి పాలపొరకు తగిలినచో పాలు చేదెక్కును. వానిని వడ్డించునపుడే వేయవలెను.

మా రెండవ తప్పును ఇంకను చెప్పలేదు. అది మిగిలినదానిని మరల ఫ్రిజ్‌లో పెట్టుట. పాలు, పెరుగు కలిసిన పదార్థము వెచ్చని చోట సూక్ష్మజీవులకు విందువంటిది. అనుకూలమైన వేడిమిలో కొన్ని సూక్ష్మజీవులు ఇరువది నిముషములకు రెట్టింపగును. వానిలో కొన్ని విషమును ఉత్పత్తిచేయును. తరువాత చల్లార్చినను ఆ విషము పోదు, కొన్ని విషములు మరిగించినను పోవు. వాసన మారదు, రంగు మారదు, నాలుకకు తెలియదు. అందుచేత ఫ్రిజ్ వెలుపల రెండుగంటలకు మించి ఉంచరాదు. 32 డిగ్రీలు దాటిన యెండకాలమున ఒక్క గంటయే. ఆ గంట దాటినదానిని, ఎంత మిగిలినను, ఎంత ఖర్చైనను పారవేయుడు. ఒక పెద్దగిన్నెకు బదులు చిన్నచిన్న గ్లాసులలో చేసినచో ఎన్ని కావలెనో అన్నియే బయటికి తీయవచ్చును. మేము ఆ విందు తరువాత ఇట్లే చేయుచున్నాము.

విద్యుత్తు పోయినపుడు ఫ్రిజ్ తలుపు తెరువకుండినచో దాదాపు నాలుగు గంటలు లోపలి చల్లదనము నిలుచును. పిల్లలు పదిమార్లు తెరచిచూచినచో నిలువదు. తలుపు తెరువకుడని ముందే చెప్పియుంచుడు. చల్లదనము చాలలేదని మంచుగడ్డ కొనితెచ్చి మిఠాయిలో వేయువారు కలరు. చేపలకొరకు, ఇతర పనులకొరకు చేసిన మంచుగడ్డ త్రాగునీటితో చేసినది కాకపోవచ్చును. దానిని గిన్నె చుట్టును పేర్చవచ్చును, గిన్నెలోపల వేయరాదు. చుట్టును పేర్చినపుడు గుప్పెడు రాళ్లుప్పు చల్లినచో చల్లదనము ఇంకను పెరుగును, కుల్ఫీ చేయువారి పద్ధతి అదియే. మంచునకు ఉప్పు సరిపాళ్లలో కలిసినచో సున్నకు దిగువన 21 డిగ్రీల వరకు పోగలదు.

ఫ్రిజ్ లేని యిల్లాలు ఏమి చేయవలెనని కోరుట్లలో బీడీలు చుట్టు ఒక చెల్లెలు మమ్ము అడిగినది. ఆమెకు చెప్పినదే ఇచ్చట చెప్పుచున్నాము. నడిమి పాలపొరను పూర్తిగ విడిచిపెట్టుడు. కమలారసముతో ఒక పొర, నీరు కలిపిన నిమ్మరసముతో ఒక పొర, రెండును చైనాగడ్డితో చేయుడు. దీనికి ఫ్రిజ్ అక్కరలేదు గాని 35 డిగ్రీల దిగువకు దింపు చల్లదనము కావలెను. ఒక పెద్ద మట్టికుండలో చిన్నకుండ నుంచి, రెండింటి నడుమ ఇసుక పోసి నీటితో తడిపి, తడిగుడ్డ కప్పి, గాలి వీచు నీడలో పెట్టవలెను. ఇసుకలోని నీరు ఆవిరియగుచు వేడిని లాగుకొనిపోవును. నైజీరియా దేశమున మహమ్మద్ బా అబ్బా అను ఉపాధ్యాయుడు 1995 ప్రాంతమున ఈ జంటకుండలను పేదరైతులకు పంచిపెట్టి అంతర్జాతీయ బహుమానము పొందెను. గుజరాతులోని వాంకానేరులో మన్‌సుఖ్‌భాయి ప్రజాపతి అను కుమ్మరి మట్టితోనే ఫ్రిజ్ తయారుచేసెను. మన యిండ్లలో కుండనీరు చల్లబడుటయు ఇదే సూత్రము. పొడిగాలి వీచు ఏప్రిలు, మే నెలలలో ఇది చక్కగ పనిచేయును. వానలు పడి గాలి తేమగ నున్న జులైలో పనిచేయదు, అప్పుడు మాత్రము గది వేడిమికే పొర గడ్డకట్టును. ఈ విధముగ చేసినదానిని కూడ చేసిన పూటనే తినవలెను.

ఆ చెల్లెలు మరునాడు చేసిచూచి, పొర నిలిచినదిగాని నిమ్మపొర మరీ పుల్లగ నున్నదని చెప్పినది. ఒక నిమ్మకాయకు ఒక గ్లాసు నీరు, మూడు చెంచాల చక్కెర చాలును. మిగిలిన కమలాతొక్కలను ఎండబెట్టి దంచియుంచుడు. సున్నిపిండిలో కలుపుకొనవచ్చును.